డేగకు చిలుక చుట్టమన్న అమ్మాయి

2019. కోదాడలో ఒక డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ లెక్చరర్‌ని. ఫైనలియర్ ప్రాక్టికల్స్‌కి మార్కులు వేయడానికి వేరే కాలేజీ నుంచి వచ్చే ఆయనను ఎక్స్‌టర్నల్ అంటాం. ఆయనకు చికెన్ బిర్యానీ పెట్టడం, ఆయన మాటకు ఎదురు చెప్పకపోవడం మా వృత్తిలో పెద్ద మర్యాదలు. పైగా ఆ ఏడు సూర్యాపేట నుంచి వచ్చినాయన ఒకప్పుడు నాకు పాఠం చెప్పిన గురువు.

బల్ల మీద స్పాటర్లు పెట్టాం. అంటే విద్యార్థులు గుర్తుపట్టి వర్గీకరణ రాయాల్సిన నమూనాలు. అందులో గడ్డి కూరిన డేగ ఒకటి. గరిడేపల్లి నుంచి వచ్చే రూతు, నాట్లేసే కూలీల బిడ్డ, దాన్ని గద్దల వర్గంలోంచి తీసేసి చిలుకలకు దగ్గరి చుట్టమని రాసింది.

గురువుగారు పకపకా నవ్వారు. "డేగ చిలుకకు సుట్టమా? రేపు పిల్లి ఎలుకకు మేనమామ అంటవా?"

"డీఎన్ఏ పోల్చి సూస్తే గట్లనే తేలింది సార్. ఎనకట ముక్కు, గోర్లు సూసి గద్దలల్ల కలిపిండ్రు. డేగ, గద్ద రెండూ వేటాడేటియే కాబట్టి ఆ ముక్కు, గోర్లు దేనికది అట్ల ఒచ్చినయ్. మా సారే చెప్పిండ్రు" అని రూతు నా వైపు చూసింది.

నిజమే, నేనే చెప్పాను. పక్షుల శాస్త్రం ఎప్పుడో ఒప్పుకుని పుస్తకాల్లో మార్చుకున్న సంగతి. అది గురువుగారి పాత నోట్సులోకే రాలేదు.

"ఏందయ్యా, నువ్వే చెప్పినవా?" అన్నారాయన.

"అది సిలబస్‌లో లేదు సార్" అన్నాను నేల చూస్తూ.

అబద్ధం కాదు. అందుకే తలుచుకుంటే ఇంకా అసహ్యం. స్పాటర్‌కి సున్నా పడింది. ఎదురు మాట్లాడిందని, నోటితో అడిగే వైవాలోనూ ఆయన సున్నా చుట్టారు. ఆ లిస్టు మీద నేనూ సంతకం పెట్టి, సిగ్గు లేకుండా ఆయన పక్కనే కూర్చుని బిర్యానీ తిన్నాను. రూతు ఫెయిలైంది. చేతికొచ్చిన బీఈడీ సీటు పోయింది.

రిజల్ట్ చూసుకుని నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు.

"సార్, సప్లిమెంటరీల మళ్ల డేగనే పెడితే ఏం రాయాలె?"

"పాతదే రాయమ్మా."

ఏళ్ల తరబడి కొత్త పుస్తకం తెరవని మనిషి ఒక పిల్ల ఏడాదిని మింగేశాడని ఆయన మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆయనకు తెలియదు, నాకు తెలుసు. తెలిసినవాడు మర్యాద కోసం నోరు మూసుకుంటే తెలియనివాడి కన్నా ఎక్కువ చెరుపు చేస్తాడని ఆ ప్రాక్టికల్స్‌తో నాకు అర్థమైంది.

రూతు పాతదే రాసి పాసైంది. తప్పు రాస్తేనే గట్టెక్కుతామని ఆ పిల్లకు నేర్పిన మాస్టారిని నేనే.