ఐసక్క పగటి నిద్ర

“నిద్ర, నిద్ర, నిద్ర. లోకంలో నిద్ర నీ ఒక్కదానికేనా?”

“పాట కాస్త తగ్గించమని చెప్పు అన్నయ్యా అన్నాను, అంతేగా.”

“చెప్పను. పోయిన నెల నువ్వు పైకెళ్ళి గుడ్లురిమితే పైన దిగిన కుటుంబం సాయంత్రానికల్లా మూటాముల్లె సర్దుకుంది. ఇంకొకళ్ళు నీ వల్ల గది ఖాళీ చేశారో, వాళ్ళ వెనకాలే నీ పెట్టె కూడా గేటు దాటుతుంది.”

మంచినీళ్ళ కోసం దిగుతున్నవాణ్ణి మెట్ల మలుపులో ఆగిపోయాను. ఆ అన్నయ్య మేం దిగిన లాడ్జి ఓనరు. పొద్దున్న మేం నలుగురం బైకులు ఆపగానే “మీ ఇల్లే అనుకోండి బాబూ” అని తేనె పూసి మాట్లాడినాయన. ఆ పాట మాది. స్పీకరు నాది.

పైకొచ్చి మావాళ్ళకి చెప్పాను. మా బొండాంగాడు డాబా మీద చాప పరుచుకుని సముద్రం వైపు కాళ్ళు చాపాడు. “పట్టపగలు నిద్రేంట్రా, కుంభకర్ణుడి చెల్లెలా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శబ్దం ఒక్క గీత తగ్గించి, నా పనైపోయిందనుకున్నాను. కొండ చాటు నుంచి పడవలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఆ గాలికి హాయిగా కళ్ళు మూతలుపడ్డాయి. లేచేసరికి పొద్దు వాలింది, పాట ఇంకా మోగుతూనే ఉంది. ఆమె మంచం సరిగ్గా మా చాప కింది గదిలోనే ఉందని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పడవలు చూద్దామని రేవుకెళ్ళాం. అక్కడ ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో ఒకావిడ ఐసు దిమ్మల్ని కొక్కెంతో లాగి, వాటిని పిండి చేసే మెషిన్లోకి తోస్తోంది. చూస్తుండగానే చేతిలో కొక్కెం జారి మెషిను నోట్లో పడింది. అది కీచుమని అరిచి ఆగిపోయింది. పడవలవాళ్ళు తిట్లు లంకించుకున్నారు.

“పడింది కొక్కెమే కదయ్యా, చెయ్యి కాదుగా,” అందావిడ.

ఆ గొంతు నాకు తెలుసు.

పక్కన టీ కొట్టు ముసలామెని అడిగాను.

“ఐసక్క అంటాం. మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకుంటే, వారం రోజులని అన్న ఇంటికొచ్చింది. వచ్చి ఏళ్ళయిపోయింది. వదిన కంట పడకూడదని రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. వాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు ఈవిడ పడుకుంటుంది, వాళ్ళు పడుకునే వేళకి ఇంట్లో ఉండదు. ఇంట్లో ఓ మనిషి ఎక్కువుందని తెలీకూడదు, అదీ లెక్క. పైగా జోకులు. ‘చేపల్ని మీరు ఐసులో పెట్టారు, నన్ను మా అన్నయ్య పెట్టాడు, ఇద్దరం పాడవలేదు’ అంటుంది.” గ్లాసు నా చేతికిస్తూ గొంతు తగ్గించింది. “లాడ్జిలో నిన్న ఎవరో వెధవలు దిగారట. పగలంతా ఒకటే పాటలు. రాత్రంతా నిలబడే తూగింది పాపం.”

టీ సగంలోనే వదిలేసి డబ్బులిచ్చాను.

మధ్యాహ్నం డాబా మీదికి రాగానే మావాళ్ళు మళ్ళీ పాట పెట్టారు. నేను ఆపేసి స్పీకరు ఒళ్ళో పెట్టుకున్నాను. “కాలేజీ మానేసినప్పుడు రాని బుద్ధి ఇప్పుడొచ్చిందేంట్రా?” అన్నాడు బొండాంగాడు. మాట పడితే పడ్డాను అనుకున్నాను. కాసేపు ప్రాణం తేలికపడ్డ మాట నిజం.

ఇంతలో మెట్ల మీద అడుగులు. ఐసక్క. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చెంప మీద దిండు ముడతలు.

“పాటెందుకు ఆపారు?”

“మీరు పడుకుంటారని, అక్కా. నిన్న మాకు తెలీక…”

“తెలీకపోవడమేంటి? మెట్ల మీద నిలబడి విన్నావుగా. నీ చెప్పులు కనబడ్డాయి.”

తిట్టినా బాగుండేది. ఆమె మాత్రం నన్ను చూడటం లేదు, గేటు వైపు చూస్తోంది.

“అన్నయ్య బజారు నుంచి వచ్చే వేళయింది. డాబా మీద చప్పుడు లేకపోతే, నేనే పైకొచ్చి నోరు పారేసుకున్నాననుకుంటాడు.”

“మేం చెబుతాం ఆయనకి.”

“చెప్పేసి రేపు బైకులెక్కి పోతారు. ఇక్కడ ఉండాల్సింది నేను.”

చెవుల్లో దూది సర్దుకుని రెండు మెట్లు దిగింది. మళ్ళీ ఆగింది.

“పెట్టు తమ్ముడూ, ఆయన గేటు తీసేలోపు. నిన్న పెట్టినంత గట్టిగానే పెట్టు.”