జారిన భుజం

మా ఆయన రాగిరేకుల మీద బొమ్మలు చెక్కుతాడు. రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచితే గీత పడ్డచోటల్లా రాగి కరుగుతుంది. అందులో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తే కుడి ఎడమైపోతుంది. అందుకే మనిషిని ఎదురుగా కాక, అద్దంలో చూసి గీస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ఆఖరి రేకు మీద వాళ్లక్కే ఉండాలని పంతం పట్టాడు.

తల్లి పోయాక ఇతన్ని పెంచింది ఆవిడే, లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసి. ఇప్పటికీ అదే పని. బరువైన పెట్టె నొక్కీ నొక్కీ కుడిభుజం కిందికి జారిపోయింది.

"నా మొహంలో ఏముందిరా చెక్కడానికి?" అంటూనే వచ్చింది. పని దిగి వచ్చి, కుర్చీలో కర్ర మింగినట్టు కూర్చునేది. భుజాలు రెండూ సమానం. మొహాన ఒక నవ్వు, అదీ ఇస్త్రీ చేసిందే.

"అక్కా, కాస్త మామూలుగా కూర్చో."

"మామూలుగానే ఉన్నా కదరా!"

నాలుగు సాయంత్రాలు ఇదే వరస. నాకు విసుగొచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరూ మొండిఘటాలే.

ఐదోరోజు, "ఇక చాల్లే అక్కా" అన్నాడు. ఆవిడ చెప్పుల కోసం వంగింది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని, లేచే ఓపిక లేక అలాగే ఉండిపోయింది. నవ్వు ఊడిపోయింది. భుజం జారింది. ఆయన గబుక్కున సూది అందుకున్నాడు. పది నిమిషాలు చెయ్యి వణకలేదు.

ఆవిడ వెళ్లాక రేకు ఆసిడ్‌లో ముంచి, అచ్చు తీసి చూస్తే, జారింది ఎడమభుజం. తొందరలో అద్దం సంగతే మరిచి నేరుగా గీసేశాడు.

"అయిపోయింది. ఇంకో రేకు చేసే ఓపిక నాకు లేదే" అని నేలమీద చతికిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

"భుజం ఏదైతే ఏం? మొహం వదినదే కదా" అన్నాను. వింటేగా!

మర్నాడు ఆవిడ వచ్చి, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"భుజం తప్పు పడిందక్కా."

"తప్పేంట్రా? రోజూ పొద్దున్నే అద్దంలో నాకు కనిపించేది ఈవిడే." కాగితం మీది భుజాన్ని వేలితో తాకింది. "ఈవిడ ఇంత అలిసిపోయిందని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదనుకున్నా."

వదిన వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుంది. ఈసారి భుజం ఎత్తిపట్టుకోలేదు.