బంగార్రాజు గారి ముప్పై రోజులు

మొగల్తూరు పక్క పల్లెలో తగవులు తీర్చేది బంగార్రాజు గారే. పొద్దున్న నలుగురి ముందు జరిమానా వేస్తారు. సాయంత్రం ఎవరినైనా వెంటబెట్టుకుని ఇంటికొచ్చి బతిమాలితే సగానికి తగ్గిస్తారు. బతిమాలకపోతే తగ్గదు. ఇరవై ఏళ్లుగా దీన్నే న్యాయమంటున్నారు. పాపం, నిజంగానే నమ్ముతారు కూడా.

తమ్ముడు గణేష్‌బాబు కాలువ షట్టరు తనే ఎత్తబోయి, అడ్డొచ్చిన నీటిపారుదల శాఖ లస్కరును కొట్టాడు. నరసాపురం కోర్టు ఏడాది జైలుశిక్ష వేసింది. అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజులు శిక్ష ఆపి బెయిలిచ్చింది. లాయరు లోకనాథ్ ఇదంతా విడమర్చి చెప్పాడు.

బంగార్రాజు గారు నవ్వారు. "గడువు ఎందుకిచ్చారనుకుంటున్నారండి? మనం వెళ్లి కనబడాలని. నేనూ సాయంత్రం దాకా ఇవ్వట్లేదేంటి!"

తీర్పు నకలు తన బీరువాలో పెట్టేసుకున్నారు.

"అప్పీలు వేసేద్దాం బావగారూ" అంది తమ్ముడి భార్య దేవిశ్రీ.

"జడ్జిగారి మీద పైకి వెళ్తే ఆయనకి కోపం రాదేంటమ్మా? నీకు తెలీదు, ఊరుకో."

చక్కెరకేళి గెలతో జడ్జిగారింటికి మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ గేటు దగ్గరే అటెండరు తిప్పి పంపాడు. ఇరవై ఏడో రోజు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, సిగ్గు లేకుండా కోర్టు హాల్లోనే లేచి నిలబడి, శిక్ష తగ్గించమని అడిగారు.

"సంతకం పెట్టిన తీర్పును నేనే మార్చకూడదండి. రాతలో, లెక్కలో పొరపాటుంటే దిద్దగలను, అంతే. శిక్ష తగ్గించాలంటే పై కోర్టే. త్వరగా వెళ్లండి" అన్నారు జడ్జి.

ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? ఈయన బుర్రకు మాత్రం ఎక్కలేదు. "నలుగురిలో అలాగే అంటార్రా. నేనూ అంతేగా!" అంటూ తమ్ముణ్ణి ఇంటికి తీసుకొచ్చేశారు. లస్కరు మీద చెయ్యెత్తిన మొనగాడు అన్నగారి వెనకాలే బుద్ధిగా నడిచొచ్చాడు.

గడువు దాటింది. పోలీసులు వారంటుతో వచ్చి గణేష్‌బాబును జైలుకు తీసుకెళ్లారు. బంగార్రాజు గారు ఎస్సైతో కూడా ఏదో మాట్లాడబోయారు. అతను వినకుండా జీపెక్కేశాడు.

దేవిశ్రీ ఎవరినీ అడగలేదు. బీరువా తెరిచి నకలు తీసుకుని లోకనాథ్ దగ్గరికి వెళ్లింది. బంగార్రాజు గారు వెనకాలే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆలస్యాన్ని మన్నించమని పిటిషను కూడా వేయాలమ్మా. కారణం ఏం రాయమంటారు?" అని అడిగాడు లాయరు.

"నాకు ఒంట్లో బాగోలేదని రాసెయ్యండి" అన్నారు బంగార్రాజు గారు.

దేవిశ్రీ ఆయన వైపు చూడనైనా చూడలేదు. "ఆయన నిక్షేపంగా ఉన్నారండి. మా బావగారి పెద్దరికం వల్ల ఆలస్యమైందని రాయండి."