ఎం.ఏ. చదివినావిడ ఫారం

పెళ్ళయి, ఎం.ఏ. పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో లోకంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. (ఇప్పుడు ఆ పట్టా ఏ పెట్టెలో ఉందో కూడా తెలియదు.) ఆ తెలివి చూసే కాబోలు, చిక్కబళ్ళాపురంలో ఒక సర్వే పని ఇచ్చారు. పల్లెపల్లె తిరిగి ఆడవాళ్ళను వయసెంత, చదువెంత, పిల్లలెందరు, గర్భం రాకుండా ఏం వాడుతున్నారు, దాంతో తృప్తిగా ఉన్నారా అని అడిగి ఫారాలు నింపాలి. పని చూసే సారుకు ఫారాలు రాకముందే ఫలితం తెలుసు: చదువు పెరిగేకొద్దీ ఎంపికా మెరుగు, తృప్తీ ఎక్కువ. నేనూ గట్టిగా తలాడించాను. ఇంట్లో నా సంగతి వేరు. జూన్‌లో బి.ఎడ్. చేరాలి, అది ముగిసేదాకా బిడ్డ వద్దని ఇద్దరం అనుకున్నాం, అనుకోవడంతోనే ఆగిపోయాం. మా ఆయన రెండుసార్లు మందులషాపు దాకా పోయి, తెలిసినవాళ్ళు కనబడగానే తలనొప్పి మాత్రలు కొనుక్కొని తిరిగొచ్చాడు. నెలాఖరు వచ్చేసరికి భయంతో నాకు నిజంగానే తలనొప్పి పట్టుకునేది. మాత్రలకు మాత్రం కొదవలేదు.

అట్లా ఒక రోజు శిడ్లఘట్ట పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే ఒక అక్క ఇంటికి వెళ్ళాను. నా పౌడరు వాసన పురుగులకు పడదని ముఖం కడిగించి, కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచితే గాని ఆమె లోపలికి రానివ్వలేదు. (పురుగుల పెంపకం ఎరగని బాగేపల్లి పిల్లను, ఈ మడి నాకేం తెలుసు.) పురుగులకు ఆకు వేస్తూనే జవాబులు చెప్పింది. చదువు మూడో తరగతి. పిల్లలు ఇద్దరు.

"మొదట్లో మాత్రలేనమ్మా. పొద్దున పురుగులకు మొదటి మేత ఏస్తానే మాత్ర మింగేదాన్ని. ఒక్క దినం తప్పలేదు."

"మరి రెండో బాబు?"

"పురుగులు గూళ్ళు కట్టను వెదురు తట్టలు, ఆ చంద్రికలెక్కినాక ఇంక మేత యాడిది? మేత లేదు, మాత్ర గుర్తుకు రాలేదు. గూళ్ళు మార్కెట్టుకు పోయి, మళ్ళా కొత్త పురుగులు వచ్చేతలికి వీడు కడుపులో ఉండాడు." గడప దగ్గర ఆడుకుంటున్న వాడిని చూసి నవ్వింది. "ఇప్పుడు తాలూకు ఆసుపత్రిలో కాపర్ టి ఏయించుకున్యా. దానికి మేతతో పనిలేదు."

"తృప్తిగా ఉన్నావా అక్కా?"

"అది ఉండాదనే మరిచిపోయినా. ఇంకేం కావాల?" అని గంప కింద పెట్టింది. "ఇంక నువ్వు చెప్పమ్మా. నువ్వేం వాడుతాండావు?"

ఫారాలు సర్దుకుంటూ లేవబోయాను. ఆమె వదల్లేదు. "నేను చెప్పలేదా? నీది కూడా రాయి" అంది. సరదాకే అన్నట్టు ఇంకో ఫారం తీశాను. వయసు ఇరవై మూడు. చదువు ఎం.ఏ. పిల్లలు లేరు. పద్ధతి ఏమీ లేదు. తృప్తి లేదు. ఆ చివరిది రాసేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మందులషాపు సంగతంతా అక్కకు చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"ఊరందర్నీ అడుగుతాండావు, నీకోసరం అడిగేదానికి నోరు రాలేదా? బుధవారం రా, పోదాం."

ఆసుపత్రిలో నర్సమ్మ బీపీ చూసి, ఉన్న పద్ధతులన్నీ విడమరిచి చెప్పింది. నేను మాత్రలే ఎంచుకున్నాను. "పొద్దున ఏడుగంటల బస్సుకు బయల్దేరేటప్పుడు రోజూ వేసుకుంటా" అన్నాను గొప్పగా.

"ఆదివారం యాడికి పోతావమ్మా?" అంది అక్క.

నర్సమ్మ నవ్వాపుకోలేకపోయింది. చంద్రికలెక్కిన పురుగుల కథ విన్నాను గాని, బస్సు లేని ఆదివారాలు నాకూ ఉన్నాయని మాత్రం తట్టలేదు. "పండ్లు తోముకునేది ఆదివారం కూడా ఉండాది కదా, అప్పుడేసుకో" అని అక్కే తీర్పు చెప్పింది.

రెండు నెలలకు సారు పిలిచారు. నా ఫారం పొరపాటున కట్టలో కలిసిపోయింది, దాని మీద ఎర్రగీత. (ఫారాల మీద పేర్లుండవు, బతికిపోయాను.) "ఇది తప్పు. ఎం.ఏ. చదివినామె ఇట్లా చెప్పదు. ఇంకోసారి పోయి అడుగు" అన్నారు. సరేనని చింతామణి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని, నన్ను నేను ఇంకోసారి అడిగాను. పద్ధతి: మాత్రలు. తృప్తి: ఉంది. మర్నాడు అది చూసి సారు ముఖం వెలిగిపోయింది. "చూసినావా, చదువంటే ఇదీ" అన్నారు. నేను మళ్ళీ తలాడించాను.

బి.ఎడ్. ముగిసింది, బడిలో ఉద్యోగం వచ్చింది, ఆ తరువాత మేము కావాలనుకున్నప్పుడే పాప పుట్టింది. ఆ ఫారంలో సలహా చెప్పినవారి చదువెంత అనే గడి లేదు. ఉండి ఉంటే సారు లెక్క తలకిందులయ్యేది. అంతా తెలుసనుకొని ఊళ్ళు తిరిగిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇప్పటికీ ఆదివారం పొద్దున బ్రష్షు చేతిలోకి తీసుకుంటే, ముందు నాకు ఆకు మేస్తున్న పురుగుల చప్పుడే వినబడుతుంది.