డబ్బా మీద రంగం

ఛత్రినాక సందులో ఇంటి ముందు కూర్చుని ఆండాలు పూలు కడుతుంటే నోటిదారి నోటిది, వేళ్లదారి వేళ్లది. సందులో సంగతులన్నీ చెబుతూనే ఉంటుంది, మాల పెరుగుతూనే ఉంటుంది. పాలపళ్లు ఊడకముందే తల్లి పక్కన పూలబుట్ట ముందు కూర్చున్న మనిషి. ఆటలంటే ఆమె లెక్కలో పనిలేనివాళ్ల పని.

ఆమెకున్న దిగులంతా మనవరాలు అనూహ్య గురించే. ఐదేళ్ల పిల్ల. ఇంట్లో గుసగుసలాడుతుంది గానీ గడప దాటితే పెదవి విప్పదు. బళ్లో పేరడిగినా నేలచూపులే. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. చివరికి కోడలు స్వరూప ట్యూషన్ పెట్టించింది. ఇంటికొచ్చాక మళ్లీ రాత. సందులోకి పోతే బండ్లు, బురద, పాడుమాటలు. అందుకని అదీ బంద్. పిల్లకు నోరు రావాలని ఇంత చేస్తున్నారు, నోరు మాత్రం రావడం లేదు.

బోనాలు అయిపోయిన వారం. ట్యూషన్ చెప్పే ఆమె పెళ్లికి పోయింది. ఇంట్లో కరెంటు లేదు. ఉక్కపోతకు పిల్ల ఏడుపుమొహం పెడితే, "పో, బయట గద్దె మీద కూసో" అంది ఆండాలు.

సందులో పిల్లలు బోనాలాట ఆడుతున్నారు. ఒకడు ఒళ్లంతా పసుపు పూసుకుని పోతరాజై తాడు ఝళిపిస్తున్నాడు. ఆడపిల్లలు ప్లాస్టిక్ చెంబుల్లో వేపరెమ్మలు పెట్టి నెత్తికెత్తుకున్నారు. ఆఖర్న రంగం ఉండాలి కదా! అమ్మవారు పూనిన మనిషి పచ్చికుండ మీద నిలబడి భవిష్యత్తు చెప్పాలి. నేనంటే నేనని ఒకటే లొల్లి. ఆ లొల్లిలో అనూహ్య ఎప్పుడు లేచిపోయిందో, బోర్లించిన పెయింట్ డబ్బా ఎక్కి నిలబడింది.

అమ్మవారితో ఆటలా! ఆండాలు కసరడానికే లేచింది. కానీ ఈ మూగమొద్దు అక్కడెక్కి ఏం చేస్తుందో చూడాలన్న ఆత్రం ఆమెను ఆపేసింది.

"వానలు పడ్తయా తల్లీ?" పోతరాజు అడిగాడు.

"పడ్తయ్!" సందు చివరిదాకా వినబడింది. "మోరీలు నిండుతయ్! మీరు చెప్పులిడిసి రాలె, నాకు మస్తు కోపమొచ్చింది!"

ఆండాలు చేతిలో దారం జారిపోయింది. ఈ గొంతు ఇన్నాళ్లూ తన ఇంట్లో ఎక్కడ దాక్కుంది? పిల్ల జుట్టు విరబోసుకుని, ఊగుతూ, గుడి దగ్గర చూసిందంతా దించేస్తోంది. ఏటా ఆ గుడి ముందు నిలబడి అడిగిన అలవాటు ఆండాలును ముందుకు తోసింది. తెలియకుండానే చేతులు జోడించింది.

"మేమేం తప్పు జేసినం తల్లీ?"

డబ్బా మీది పిల్ల నాయనమ్మను చూసింది. దిగలేదు.

"నన్ను బయటికి రానిస్తలేరు. పొద్దుగాల రాత, పొద్దుమీకి రాత. నన్ను ఆడుకోనియ్యున్రి!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆండాలుకు కళ్లు నిండాయి. అమ్మవారు అడగకముందే చీర పెట్టాం, పసుపునీళ్ల సాక పోశాం, ఇంట్లో పిల్ల మొహం ఒక్కసారైనా చూడలేదే అని తన మీద తనకే కోపమొచ్చింది. "తప్పయింది తల్లీ" అంది, నిజంగానే.

సాయంత్రం స్వరూప చెప్పులు విడుస్తూనే అడిగింది, "రాత అయిందా అత్తమ్మా?"

"రేపటి సంది ట్యూషన్ బంద్."

"ఎవరు చెప్పిన్రు?"

"అమ్మవారు. రంగంల చెప్పింది."

స్వరూపకు ఒళ్లు మండింది. ఏదో అనబోయింది. అంతలో బయట ఎవరో పిల్ల గొంతు చించుకుంటోంది: "తొండి! వీడు తొండి ఆడుతుండు! మళ్ల మొదటికెల్లి!"

"ఎవరి పిల్లత్తమ్మా గది, గంత గట్టిగ మొత్తుకుంటుంది?" అంది స్వరూప చిరాగ్గా.

"పోయి చూడు" అంది ఆండాలు.