మొక్కు తీసుకోని దేవుడు

మొన్న ఆదివారం మా మనుబోలు మందిరంలో అయ్యగారు సువార్త భారం గురించి గట్టిగానే ప్రసంగించారు. నమ్మినదాన్ని నలుగురికీ చెప్పకుండా కడుపులో దాచుకుంటే రేపు దేవుడి ముందు జవాబు చెప్పుకోవాలన్నారు. ఆరాధన ముగిసిందో లేదో యౌవనస్థులు నా చుట్టూ చేరి, టీచరమ్మా, మీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ ఇవ్వండి, రోజూ పొద్దున్నే అందరికీ ఒక వాక్యం పంపిస్తాం, మీ బాధ్యతా తీరిపోతుంది అన్నారు. పిల్లలు మంచి మనసుతోనే అడిగారు, కాదనను. కానీ ఆ బాధ్యత అంత సులువుగా తీరిపోతుందనేసరికి నాకు మా మేనత్త గుర్తొచ్చి, తర్వాత చూద్దాంలే అని నంబర్లు ఇవ్వకుండానే ఇంటికొచ్చేశాను.

మా అత్త బైబిలమ్మ. నా ఈడువాళ్లకు ఆ మాట చెబితే చాలు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, తెల్లచీర కట్టుకుని, చంకకు సంచీ తగిలించుకుని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల దగ్గర కూర్చుని దేవుడి మాట చెప్పడానికి సంఘం పెట్టుకున్న మనిషన్నమాట. పెళ్లయిన కొత్తలోనే జ్వరం వచ్చి మామ పోతే, ఆ పనిలో చేరి ఇక వేరే జీవితం ఎరగలేదు. చిట్టమూరు దాటి సముద్రం వైపు వెళితే, సరుగుడు తోపుల అవతల, చేపలు పట్టేవాళ్ల పాలెం ఒకటి ఆమెకు అప్పజెప్పారు. నాకు టీచరుగా మొదటి ఉద్యోగం ఆ పాలెం బడిలోనే వచ్చింది కాబట్టి, తోపులకు ఇవతల ఊళ్లో ఉన్న అత్త ఇంట్లోనే ఉండి, పొద్దున్నే ఆమెతో కలిసి ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లేదాన్ని.

అత్త పద్ధతి నాకు అప్పట్లో అంతుపట్టేది కాదు. పాలెంలోకి వెళ్లిందంటే ఒకరి దగ్గర కూర్చుని చేపలకు ఉప్పు పట్టించేది, ఇంకొకరి బిడ్డను ఎత్తుకునేది, ఎవరైనా అడిగితే తప్ప సంచీలో నుంచి బైబిలు తీసేది కాదు. అడిగేవాళ్లు ఎవరు? వాళ్లకు గంగమ్మ ఉంది, వాళ్ల జాతర్లు వాళ్లకున్నాయి. ఏళ్లు గడిచినా ఆ పాలెం నుంచి ఒక్కరు కూడా బాప్తిస్మానికి రాలేదు. ఈ మాట మీద సంఘ పెద్దలు ఆమెను ఎత్తిపొడవని కూటం లేదు. ఇసకలో నీళ్లు పోస్తున్నావమ్మా అనేవాళ్లు. అత్త నవ్వి ఊరుకునేది గానీ, రాత్రి ప్రార్థనలో మాత్రం ఆ పాలెం వాళ్లను ఇంటింటి వరుసన పేరుపేరునా తలచుకోవడం నేను విన్నాను.

ఆ ఏడు గాలివానకు ఒక పడవ తిరిగి రాలేదు. అందులో ఉన్నవాళ్లలో ఒకడు, నా బడిలో చదివే ఇద్దరు పిల్లల తండ్రి. పాలెం ఆడవాళ్లంతా ఒడ్డున చేరి గంగమ్మకు మొక్కుతుంటే, అతని భార్య వచ్చి మా అత్త రెండు చేతులూ పట్టేసుకుని, గంగమ్మకు పుంజును కోస్తాను, నా మొగుడొస్తే మీ దేవుడికి నీళ్లలో మునుగుతాను అని మొక్కుకుంది. మావాళ్ల బాప్తిస్మం ఆమె ఎప్పుడో చూసిందట, అది మా దేవుడికి తీర్చే మొక్కు అనుకుంది పాపం. ఆ ఏడుపులో అత్తకు కాదనడానికి నోరు రాలేదు, ఆమెను పట్టుకుని ప్రార్థన చేసింది. తర్వాత కొద్దిరోజులకే ఆ పడవవాళ్లు దక్షిణాన తమిళ ఒడ్డున ప్రాణాలతో తేలారని కబురొచ్చింది, మనిషీ ఇల్లు చేరాడు.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన మధ్యలో అత్త ఊరి మందిరం గుమ్మంలో ఆమె! ముఖానికి పసుపు, ఒంటిమీద కొత్త చీర, ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చంకలో ఎర్రటి కోడిపుంజు, వెనకాల సిగ్గుపడుతూ మొగుడు. ఏ దేవుడికీ బాకీ ఉండకూడదని కాబోలు, రెండు మొక్కులూ ఒకటి చేసి తెచ్చింది. నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు. పెద్దలకైతే కళ్లనీళ్లు తిరిగాయి. అక్కడి అయ్యగారు కుర్రవాడు, సంతోషంతో పాటలు మధ్యలోనే ఆపేసి, ఈ రోజే బాప్తిస్మం ఇచ్చేద్దాం, గుండానికి పోదాం పదండి అన్నాడు.

అప్పుడు మా అత్త లేచింది. మందిరంలో ఆడవాళ్లు లేచి మాట్లాడే కాలం కాదది.

"ఇయ్యబాకండి అయ్యగారూ. ఈమె మొక్కు తీర్చుకునే దానికి వచ్చుండాది."

ఆ పుంజు ఒక్కటే అరుస్తోంది. అందరికంటే బెదిరిపోయింది దాన్ని పట్టుకున్న ఆమే.

"ఇదేందమ్మా ఇట్టంటావు? మొక్కు తీర్చకపోతే ఊరుకుంటాడా మీ దేవుడు? ఇచ్చినోణ్ణి మళ్లా గుంజుకుంటే నా గతేం కావాల?"

"ఇచ్చి వెనక్కి గుంజుకునే రకం కాదమ్మే ఆయన. భయపడి రాబాక. ఆయనెవరో తెలుసుకోని, కావాలనిపిస్తే అప్పుడు రా."

అత్త వాళ్లిద్దరినీ ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టి, పుంజుతో సహా సాగనంపింది. సంఘం మాత్రం ఊరుకోలేదు. నోటికాడి కూడు తన్నేసింది, ఏళ్ల తరబడి తిరిగి చివరికి వచ్చిన ఒక్క ఆత్మనూ తరిమేసింది అని, ఇక బైబిలమ్మ పని చెయ్యనక్కర్లేదన్నారు. సరేనంది. మర్నాడు పొద్దున్నే నాకంటే ముందు తయారై, తెల్లచీర కట్టుకుని, ఎప్పటిలాగే నాతో పాలెం దారి పట్టింది.

తర్వాత ఒకటి రెండేళ్లకు, గాలీ లేదు వానా లేదు, మామూలు రోజున వేటకు పోయిన ఆ మనిషి అలలో పడవ తిరగబడి చచ్చిపోయాడు. శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బడిలో నుంచి ఆ పిల్లలిద్దరినీ పంపించింది నేనే. ఒంట్లో నలతగా ఉండి ఆ పొద్దు ఇంట్లోనే ఉన్న అత్త దగ్గరికి పరిగెత్తుకెళ్లి చెప్పి, నీకు దండం పెడతాను, ఈరోజు మాత్రం అటు పోవద్దు అని కాళ్లావేళ్లా పడ్డాను. వినే రకమా!

అతని భార్య మా అత్తను చూసీ చూడగానే పొలికేక పెట్టింది.

"గుంజుకోడంటివే! గుంజుకున్నాడే! ఆ పొద్దు నన్ను ముంచుంటే నా మొగుడు బతికుండేవాడు గదే!"

పాలెమంతా చూస్తోంది. అత్త వెళ్లి ఆమె తలుపు దగ్గర ఇసకలో కూర్చుంది. దేవుని చిత్తం అని చెప్పి ఓదారుద్దామని బయల్దేరిన అయ్యగారిని దారిలోనే ఆపి, ఆ మాట ఇప్పుడు ఆ గడపలో అనబాకండి అని వెనక్కి పంపింది. ఆ మర్నాడూ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్లింది. ఆమె ముఖం తిప్పుకునేది, ఒక్కోసారి తిట్టేది. అత్త నీళ్లు మోసేది, పిల్లలకు తల దువ్వేది, తిట్లు పడేది. ఇంటికొచ్చి మంచంమీద అటు తిరిగి పడుకుని, నేను చెప్పింది తప్పేమో పాపా అని ఒకే ఒక్కసారి అంది.

ఒక సాయంత్రం బడి విడిచి అత్తను పిలుచుకుపోదామని వెళితే, అత్తా ఆమే కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తున్నారు. తలెత్తకుండానే ఆమె అడిగింది.

"నీ మొగుడు పోయినప్పుడూ ఆయన ఇట్టనే ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు."

"ఎందుకట?"

"నాకు తెలీదమ్మా."

"మరి ఇంకా ఆయన్నే పట్టుకోనుండావే!"

మామ గురించి అత్త మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజు చెప్పింది. మామ పోయాక చాన్నాళ్లు ప్రార్థనకు నోరు తెరవలేదని, బైబిలు పెట్టెలో పడేసి దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానని, అట్లా తిట్టి తిట్టి అలిసిపోయిన ఒకరోజు వట్టి ఇంట్లో తాను ఒంటరిగా లేనని తెలిసిందని చెప్పింది.

"నేనంత తిట్టినా లేచి పోలేదమ్మే ఆయన. పక్కనే కూర్చోనున్నాడు."

ఆమె ఉప్పు చేతులతోనే అత్త ఒళ్లో తల పెట్టి, మొగుడు పోయిన నాటి నుంచి ఏడవని ఏడుపు ఏడ్చింది. ఆ తర్వాతే ఆమె అడగడం, అత్త సంచీలో నుంచి బైబిలు తీయడం మొదలయ్యాయి.

చాలాకాలానికి, ఎవరూ పిలవకుండా, వట్టి చేతులతో మందిరానికి వచ్చింది. బాప్తిస్మానికి ముందు దేవుడు తనకు చేసిన మేలు చెప్పి సాక్ష్యం ఇవ్వడం మా ఆచారం. ఆమె లేచి నిలబడి అంది.

"నా మొగుడు రాలా. నేనొచ్చినా."

అంతే, కూర్చుంది. ఆమెను ఒకనాడు ఆపిన మా అత్త ముసుగు కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇప్పుడు మా కూటాలకు వేదికలున్నాయి, దీపాలున్నాయి, ఫోనులో దేశమంతా చూసే ఏర్పాట్లున్నాయి. ఉద్యోగం వచ్చినవాళ్లు, ఒంట్లో గడ్డ కరిగినవాళ్లు, స్థలం అమ్ముడుపోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెబుతారు. అబద్ధమనను, నేనూ అందరితో పాటు చప్పట్లు కొడతాను. కానీ అడిగింది దొరకని మనిషి ఎవరైనా వచ్చి, దొరకలేదు, అయినా వచ్చాను అని చెబుతానంటే, మా వాళ్లలో ఇప్పుడు ఆ చేతికి మైకు ఇచ్చేవాళ్లు ఎందరుంటారో నాకు తెలియదు.