ఐసు డబ్బాలో అత్తాకోడళ్ల తగువు

మా వాడకట్టులో మహమూద్ పుల్ల ఐసు అమ్మేవాడు. అడిగినవాళ్లకు లేదనడం అతనికి చేతకాదు. వీధిలో గొంతు ఖంగున మోగేది, ఇంట్లో మాత్రం లేచేది కాదు. అక్కడ అతని తల్లి హుస్నాబీ ఉండేది మరి.

మహమూద్ కూతురు జోహ్రాకు ఒంట్లో రక్తం నిలవదు. నెలనెలా దవాఖానకు తీసుకెళ్లి ఎక్కించాలి. తీసుకెళ్లేది తల్లి మహబూబున్నీసా. తిట్టేది నాయనమ్మ. ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే గానీ, కోడలిని తిట్టాలంటే హుస్నాబీ తెలుగులోకి దిగేది. వాడకట్టంతా వినాలి కదా!

"మా ఖాందాన్ల గిసొంటి బీమారి లేదు. తొగుటల తల్లిగారింటి నుంచి తెచ్చింది గీమె!"

చివరికి కోడలు సంచి సర్దుకుంది. పుట్టింటికి పోతే మళ్లీ రానంది. ఇది 1994 ఎండాకాలం సంగతి.

దవాఖాన డాక్టరు లక్ష్మీరాజం ఒక దారి చూపించాడు.

"హైదరాబాద్ల జన్యువుల మీద పరిశోధన చేసేటోళ్లున్నరు. బీమారి ఎవరి దిక్కు నుంచి వచ్చిందో రక్తం చూసి చెప్తరు. గానీ రక్తం సల్లగ పోవాలె, గడ్డకట్టొద్దు."

హుస్నాబీ అందరికన్నా ముందు చెయ్యి చాపింది. "నాది గూడ తీయి డాక్టర్‌సాబ్. అసలు రక్తమంటే ఎట్లుంటదో ఆళ్లు గూడ చూడనీ!"

సంగతి తేలేదాకా ఆగమని భార్యను బతిమాలి, ఇంటిల్లిపాది రక్తం సీసాలను తువ్వాలలో చుట్టి ఐసు డబ్బాలో పెట్టుకుని మహమూద్ బస్సెక్కాడు. ప్రజ్ఞాపూర్ దాటాక టైరు పంచరైంది. నెత్తిన ఎండ, కళ్లెదుట ఐసు డబ్బా. జనం ఊరుకుంటారా? కండక్టరు పోశయ్యే మొదట అడిగాడు.

"ఒక్కటియ్యవయా, నాలుక పిడచ గట్టుకపోతుంది."

"మూత తీయనన్నా. సల్లదనం పోతది."

"గంత బంగారమేమున్నదే అండ్ల?"

"మా అమ్మ రక్తం, నా భార్య రక్తం."

జనమంతా వెనక్కి జరిగారు. అక్కడి నుంచి హైదరాబాదు దాకా సీటంతా మహమూద్‌దే. అతను బతుకులో ఐసు లేదన్నది ఆ రోజొక్కటే.

కొన్ని వారాలకు డాక్టరు అత్తాకోడళ్లిద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒక్క దిక్కు నుంచి వస్తే ఇది బీమారి కాదమ్మా. తల్లి దిక్కు సగం, తండ్రి దిక్కు సగం కలిస్తేనే. కోడలిదెంతనో మహమూద్‌ది గంతే. మహమూద్‌కు వచ్చింది నీ నుంచి."

"ఆళ్ల మిషను ఖరాబైనట్టుంది" అంది హుస్నాబీ. కానీ ఆ గొంతులో పస లేదు. ఆ తర్వాత మా వాడకట్టులో తెలుగు తిట్లు కరువయ్యాయి. నిజం చెప్పొద్దూ, మాకు పొద్దుపోయేది కాదు.

మళ్లీ రక్తం ఎక్కించే రోజు వచ్చింది. మహబూబున్నీసా చెప్పులు వేసుకుంటుంటే హుస్నాబీ అడ్డం వచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుంది. గడప దాటి, ఎదురింటి లింగవ్వను కేకేసి పిలిచింది. తెలుగులోనే.

"ఓ లింగవ్వా! బీమారిల సగం నాదేనట. కోడలి మీద ఇన్ని దినాలు ఉత్తగనే ఒర్లిన. ఇగ నుంచి ఒక నెల ఆమె, ఒక నెల నేను. ఈ నెల నా వంతు!"

వాడకట్టంతా విన్నది. లోపల మహబూబున్నీసా ఏడుస్తూనే, పుట్టింటికని సర్దుకున్న సంచి విప్పి, బట్టలు దండెం మీద వేసింది.